ఊరివాళ్ల కథను పాటగా కట్టడం ఎలా: వినడం నుంచి వేదిక దాకా

ఊరి ఉత్సవాలకు, గ్రంథాలయ వార్షికోత్సవాలకు, సంక్రాంతి సంబరాలకు వచ్చే పాటల బృందాలు సాధారణంగా తమ వెంట తెచ్చుకున్న పాటలే పాడి వెళ్లిపోతాయి. ఈ మార్గదర్శి వేరే రకం కార్యక్రమం గురించి. సంగీతకారులు ముందుగా ఊళ్లోకి వెళ్లి, అక్కడివాళ్లు చెప్పిన కథలు విని, వాటిని పాటలుగా కట్టి, ఆ కథ చెప్పినవాళ్ల ఎదుటే, వాళ్లను ఎరిగిన జనం ఎదుటే పాడే పద్ధతి ఇది. ఇందులో సంగీతం పాలు అందరూ అనుకునేంత పెద్దది కాదు. వినడానికీ, ఏరడానికీ, అడిగి ఒప్పించుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ఇక్కడ బాణీల కంటే ముందు పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఊరి సంగతి పాట కావడం మనకు పాత అలవాటే. అనంతపురం ప్రాంతంలోని బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడం కోసం బలి అయిన ముసలమ్మ కథ తరతరాలుగా జనం నోట నిలిచింది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు పురాణ కథలతో పాటు కొత్తగా అత్తింటికి వెళ్లిన పిల్ల గోడునూ అదే ‘ఉయ్యాలో’లో కలుపుకుంటారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి అనే వామపక్ష కళాసంస్థ కాలంలో షేక్ నాజర్ బుర్రకథ రూపాన్ని తీసుకొని బెంగాల్ కరువు లాంటి అప్పటి సంగతులను కథలుగా చెప్పారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు అనే జానపద కథా రూపాన్ని అదే విధంగా ప్రజల కష్టాలు చెప్పడానికి వాడుకున్నారు. దారి ఉన్నదే కనుక, ఆ దారిలో మనం జాగ్రత్తగా నడవవలసిన చోట్లు ఎక్కడున్నాయో చూద్దాం.

మొదటి అడుగు: నిర్వాహకులతో ముందే తేల్చుకోవలసినవి

కార్యక్రమానికి కనీసం రెండు వారాల ముందు పని మొదలు కావాలి. మొదటి వారం కథలు వినడానికి, రెండో వారం పాట కట్టడానికి, చెప్పినవారికి వినిపించి దిద్దుకోవడానికి సరిపోతుంది. ఒక సాయంత్రానికి నాలుగు పాటలు చాలు. ఆరు దాటితే ఏ ఒక్కటీ జనం మనసులో మిగలదు. బృందం కూడా పెద్దది అక్కర్లేదు. రాసేవారు ఒకరు, ప్రధానంగా పాడేవారు ఒకరు, డోలక్ లేదా డప్పు ఒకరు, హార్మోనియం లేదా కీబోర్డు ఒకరు, వంత పాడడానికి ఇద్దరు ఉంటే చాలు. ఆ వంత పాడే ఇద్దరూ ఆ ఊరివాళ్లైతే మరీ మంచిది. యాస దగ్గర తప్పు జరిగినప్పుడు మొట్టమొదట ముఖం చిట్లించేది వాళ్లే.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. సంగీతకారులకు ఇచ్చేది వేదిక ఎక్కిన ఒక్క పూటకు మాత్రమే కాదని, ముందు జరిగే పనికీ కలిపి అని నిర్వాహకులకు మొదటే చెప్పాలి. రాకపోకల ఖర్చు, మైకు సెట్టు, పాటల కాగితాల అచ్చు, కథ చెప్పినవారిని ఆ సాయంత్రం ఇంటి నుంచి తెచ్చి మళ్లీ దింపే ఆటో ఖర్చు వరకూ లెక్కలో ఉండాలి. ఈ చివరిది అందరూ మరిచిపోతారు, ఆ తర్వాత ఎనభై ఏళ్ల పెద్దావిడ రాత్రిపూట తోడు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది.

రెండో అడుగు: ఎవరి కథ వినాలి

ఊరి పెద్దలను అడిగితే ఒక జాబితా ఇస్తారు. అందులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, సైన్యంలో పనిచేసి వచ్చినాయన, పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబం తప్పకుండా ఉంటాయి. ఆ జాబితాను గౌరవంగా తీసుకోండి, అందులో ఒకరిని తప్పక కలవండి, అయితే అక్కడితో ఆగవద్దు. ఉపాధి హామీ పని జరిగే చోటు, పాలు పోసే కేంద్రం, పింఛను ఇచ్చే రోజు పంచాయతీ కార్యాలయం ముందు వరండా, అంగన్‌వాడీ, బస్సు కోసం జనం కూర్చునే చెట్టు నీడ లాంటి చోట్ల దొరికే కథలు ఏ జాబితాలోనూ ఉండవు. ఊరి మధ్య వీధుల నుంచే నాలుగు కథలూ తీసుకొని, ఊరి చివరి వాడల నుంచి ఒక్కటీ తీసుకోకపోతే ఆ సంగతి జనం వెంటనే పసిగడతారు. పైకి ఎవరూ అనరు.

ఆయా కళారూపాలు వంశపారంపర్యంగా ఉన్నవారిని కూడా ఈ దశలోనే కలవాలి. ఒగ్గుకథ కురుమల ఒగ్గు పూజారుల చేతిలో మల్లన్న, బీరప్పల కొలుపుతో, అంటే ఆ దేవుళ్లకు చేసే పూజతో, ముడిపడి ఉన్నది. జముకు వాద్యంతో చెప్పే జముకుల కథ ఉత్తరాంధ్రది. కిన్నెర ఉమ్మడి మహబూబ్‌నగర్ వైపు మిగిలింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. మీ పాటకు ఆ రూపం తగినదనిపిస్తే దాన్ని అనుకరించి పాడే బదులు ఆ కళాకారులనే పిలవండి, ఇతరులకు ఇచ్చినంతే పారితోషికం ఇవ్వండి. కొలుపులో మాత్రమే పాడే వరుసను వేరే కథకు వాడవచ్చా అన్నది వాళ్లనే అడగాలి; వద్దంటే వద్దు.

మూడో అడుగు: వినడం

కథ వినడం ఆ మనిషి ఇంటి అరుగు మీదో, పని చేసే చోటో జరగాలి. కార్యక్రమ వేదిక దగ్గర, పదిమంది ముందు, చేతిలో మైకు పెట్టి చెప్పమంటే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడాలి, మరొకరు రికార్డింగు చూసుకుంటూ రాసుకోవాలి. ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి, చెప్పేవారికి మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. ఫ్యాను ఆపగలిగితే ఆపండి. రెండో ఫోన్‌లో కూడా రికార్డు చేయండి. అరగంటకు మించి మొదటిసారే కూర్చోబెట్టవద్దు.

ఏం అడగాలన్నది ముఖ్యం. “మీ జీవితంలో మరిచిపోలేని అనుభూతి ఏమిటండీ?” అని అడిగితే టీవీలో విన్న జవాబే వస్తుంది. దానికి బదులు చేతికి, కంటికి, కడుపుకు సంబంధించినవి అడగండి. ఆ రోజు పొద్దున ఏం తిన్నారు? చేతిలో ఏముంది? మీ పక్కన ఎవరున్నారు? వాన ఏ దిక్కు నుంచి వచ్చింది? ఇంటికి వచ్చాక మొదట ఎవరు మాట్లాడారు? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పబోతూ మనిషి ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగిన చోట మీరు మాట్లాడకండి. తరువాత వచ్చే మాటే చాలాసార్లు పాటకు పల్లవి అవుతుంది.

వరసలు కూడా పాటించాలి. తెలంగాణ పల్లెలో పెద్దావిడను ‘అవ్వా’ అని, కోస్తాలో ‘మామ్మా’ అనో ‘పెద్దమ్మా’ అనో, రాయలసీమలో ‘అవ్వా’ అని పిలిచి కూర్చుంటే వచ్చే మాట వేరు, ‘మేడమ్’ అంటే వచ్చే మాట వేరు. రాసుకునేటప్పుడు వారి యాసను శిష్ట భాషలోకి దిద్దకండి. ‘నిలవడ్డ’ అంటే ‘నిలవడ్డ’ అనే రాయండి, దాన్ని పాటలో ఉంచాలా లేదా అన్నది తర్వాత తేలుతుంది.

నాలుగో అడుగు: అనుమతి

అనుమతి ఒక్కటి కాదు, మూడు. వేదిక మీద పాడడానికి ఒకటి, రికార్డు చేసి యూట్యూబులోనో వాట్సాప్‌లోనో పెట్టడానికి రెండోది, పేరు చెప్పడానికి మూడోది. ఊళ్లో పాడితే ఫరవాలేదు గాని ఫోన్లలోకి వద్దు అనేవారు చాలామంది ఉంటారు, ఆ కోరిక సబబైనదే. కాగితం మీద రాయించుకోండి. చదవడం రానివారికి గట్టిగా చదివి వినిపించి, వారి ఒప్పుదల మాటను కూడా రికార్డు చేసుకోండి. పాట పూర్తయ్యాక, వేదిక ఎక్కే నిమిషం దాకా, వద్దనే హక్కు వారికి ఉంటుందని ఆ కాగితంలోనే రాయండి. పిల్లల కథైతే తల్లిదండ్రులిద్దరి ముందు మాట్లాడండి.

కథలో వచ్చే ఇతరుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. భూమి తగాదా, అప్పు, అల్లుడి తాగుడు, గల్ఫ్‌కు పంపుతానని మోసం చేసిన ఏజెంటు లాంటివి జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ అరుగు మీద కూర్చున్నా వినబడతాయి. పేరు తీసేసినా చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. పరువునష్టం గురించి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ చెబుతుంది. నిజం చెప్పాం కదా అంటే సరిపోదు, ఆ నిజం బయటపెట్టడం ప్రజల మేలు కోసమై ఉండాలి. లైంగిక దాడికి గురైనవారిని గుర్తుపట్టేలా ప్రచురించడాన్ని అదే చట్టంలోని 72వ సెక్షన్ నేరంగా చూస్తుంది. ఇటువంటి కథ వస్తే వినండి, సాయం అవసరమైతే దారి చూపండి, పాట మాత్రం కట్టవద్దు. కోర్టులో నడుస్తున్న తగాదాల జోలికి కూడా పోవద్దు.

అయిదో అడుగు: ఒక్క సంఘటన, ఒక్క మాట

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. పాటలోకి మనిషి జీవితమంతా పట్టదు, పట్టించాలని చూడకూడదు. పుట్టింది, పెరిగింది, కష్టపడింది, పిల్లల్ని చదివించింది అని వరుసగా చెబితే అది సన్మాన పత్రం అవుతుంది. ఒక్క సంఘటనను తీసుకోండి, ఆ సంఘటనలో ఆ మనిషి తన నోటితో అన్న ఒక్క మాటను పట్టుకోండి. పల్లవి ఆ మాటతోనే కట్టాలి. ‘త్యాగమూర్తి’, ‘ఆదర్శం’, ‘చిరునవ్వుల వెలుగు’ లాంటి మాటలు మీ కాగితం మీద కనబడితే అవి మీవి, వారివి కావు, కొట్టేయండి.

ఉదాహరణ కోసం ఒక కథను కల్పించుకుందాం. తెలంగాణలో ఒక ఊరి చెరువుకు నీరటి ఉన్నాడు. నీరటి అంటే తూము తీసి, మూసి ఆయకట్టుకు నీళ్లు పంచే మనిషి. ఒక వానాకాలం రాత్రి చెరువు నిండి నీళ్లు కట్ట మీదికి లేస్తున్నాయి. తూము నోట్లో కంపచెట్టు చిక్కుకొని నీరు పోవడం లేదు. నీరటి నీళ్లలోకి దిగి కంప లాగేశాడు, కట్ట నిలిచింది. ఊరంతా ఇప్పటికీ ఆయన పేరే చెప్పుకుంటుంది. ఆయన భార్యను అడిగితే ఇలా చెప్పింది అనుకుందాం:

“అందరు ఆయన్నే పొగుడుతరు. తూము తీసింది ఆయనే గద, కాదంటనా? లాంతరెత్తి పట్టింది నేను. నడుముల దాక నీళ్లు. చెయ్యి గుంజుతుంటె ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చిన. గాలికి వత్తి ఆరుతదేమో అని దాన్నే చూసుకుంట నిలవడ్డ.”

ఊరికి తెలిసిన కథ నీరటిది. పాట కావలసింది ఆమె లాంతరు. ఊరివాళ్లు ఇదివరకే వందసార్లు విన్న కథను మళ్లీ పాడితే చప్పట్లు కొడతారు. అందులోనే తాము ఎన్నడూ అడగని మనిషి ఎక్కడ నిలబడిందో చెబితే తల తిప్పి ఆమె వైపు చూస్తారు.

ఆరో అడుగు: మాటకు నడక కుదర్చడం

ఇక్కడ చాలామంది బాణీ ముందు అనుకొని మాటలు అందులో కూరుతారు. తెలుగులో అది ప్రమాదం, ఎందుకంటే మాటలోని దీర్ఘాలు, ద్విత్వాలే మాత్రలను, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం కొలతలను, నిర్ణయిస్తాయి. బాణీ కోసం వాటిని విరిస్తే మాట పరాయిదై వినబడుతుంది. చెప్పినవారి మాటను గట్టిగా నాలుగుసార్లు చదవండి, చేత్తో తాళం వేయండి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సున్నతో ఉన్న అక్షరానికీ, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికీ రెండు. అలా లెక్కపెడితే ఆ మాట మూడు మాత్రల్లో నడుస్తున్నదా, నాలుగింట్లోనా, అయిదింట్లోనా, ఏడింట్లోనా అన్నది తెలుస్తుంది. త్రిశ్రం (మూడు) ఊయల ఊపుతుంది, చతురశ్రం (నాలుగు) నడిపిస్తుంది, ఖండం (అయిదు) కుంటుతున్నట్టు ఆగి లేస్తుంది, మిశ్రం (ఏడు) మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఆమె మాటను మిశ్రగతిలో, అంటే మూడూ నాలుగూ చొప్పున, ఇలా పట్టుకోవచ్చు:

తూము తీసిన వాడు ఆయన
లాంతరెత్తిన దాన్ని నేనే

లెక్క చూడండి. ‘తూము’ మూడు, ‘తీసిన’ నాలుగు, ‘వాడు’ మూడు, ‘ఆయన’ నాలుగు. రెండో పాదంలో ‘లాంత’ మూడు, ‘రెత్తిన’ నాలుగు, ‘దాన్ని’ మూడు, ‘నేనే’ నాలుగు. పాదానికి పద్నాలుగు మాత్రలు. 1910లో గురజాడ అప్పారావు ముత్యాల సరానికి వాడుకున్న నడక ఇదే. మిశ్రచాపు తాళం తెలిసిన డోలక్ కళాకారుడికి ‘తకిట తకధిమి’ అని చెబితే చాలు, అందుకుంటాడు.

లెక్క కుదిరింది గాని పాట కుదరలేదు. ఏ ఊరి ఇల్లాలూ పెనిమిటిని ‘వాడు’ అనదు. మాత్రల కోసం ఆ మాటను ఆమె నోట పెడితే ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లంతా ఒకరినొకరు చూసుకొని నవ్వుతారు. మళ్లీ రికార్డింగు వినాలి. ఆమె ‘ఆయనే గద’ అన్నది. ఆ ‘గద’లో ఒప్పుకోలూ ఉంది, చిన్న ఫిర్యాదూ ఉంది. దాన్ని వదిలేయడమే పొరపాటు:

తూము తీసిన దాయనే గద
లాంతరెత్తిన దాన్ని నేనే

ఇప్పుడు కూడా పద్నాలుగే. ‘దాయ’ మూడు, ‘నేగద’ నాలుగు. నడక మారలేదు, మర్యాద నిలిచింది, ఆమె గొంతు వచ్చింది. ఇక చరణాలు ఆమె ఇచ్చిన వస్తువులతోనే కట్టాలి:

మబ్బు కమ్మిన రాత్రి జాముల
కట్ట మీదికి నీళ్లు లేచే
తూము నోట్లో కంప చిక్కే
లాంతరెత్తిన దాన్ని నేనే

చేయి గుంజితె చేయి మార్చీ
నడుము లోతున నిలిచి ఉన్నా
గాలి కారని వత్తి చూస్తూ
లాంతరెత్తిన దాన్ని నేనే

ప్రతి చరణం చివరా పల్లవి రెండో పాదమే వస్తున్నది కాబట్టి రెండో చరణానికే జనం గొంతు కలుపుతారు. ‘లేచె’, ‘చిక్కె’ అన్నవి పాటలో సాగి ‘లేచే’, ‘చిక్కే’ అయ్యాయి. ‘మార్చి’ కూడా ‘మార్చీ’ అయింది. జానపద గానంలో ఈ సాగదీత మామూలే, దానికి భయపడనక్కర్లేదు. పదం మధ్యలో అచ్చును సాగదీస్తేనే అర్థం చెడుతుంది. అంత్యప్రాస కుదిరితే మంచిది, కుదరకపోతే దాని కోసం కొత్త సంగతి కల్పించవద్దు. ప్రాస కోసం ‘వెన్నెల’ తెచ్చిన మరుక్షణం, ఆ రాత్రి మబ్బు ఉందన్న సంగతి ఎరిగిన ఊరు మీ పాటను నమ్మడం మానేస్తుంది.

రెండు మూడు చరణాలు చాలు. కథలో వదిలేసిన భాగాలను పాటకు ముందు చెప్పే రెండు మాటల్లో చెప్పవచ్చు. బుర్రకథలోనూ హరికథలోనూ వచనం చేసే పని అదే, కథను ముందుకు తోసేది వచనం, ఆగి చూసేది పాట. కథ నిజంగా పొడవైనది, ముగ్గురు నలుగురు మనుషుల మాటలు అందులో ఉన్నాయి అనుకుంటే పాటను పొడిగించే కంటే బుర్రకథ రూపమే తీసుకోండి. కథకుడు తంబురతో, ఇరుపక్కలా గుమ్మెటలతో వంత పాడేవాళ్లు ఉంటారు కాబట్టి ప్రశ్నలు, ఎత్తిపొడుపులు, హాస్యం అందులో సహజంగా ఇముడుతాయి. ఆడవాళ్లు ఎక్కువగా చేరే సభ అయితే, ఒకరు పాదం అందిస్తే అందరూ అందుకునే బతుకమ్మ పద్ధతికి మించినది లేదు. రాయలసీమలో చెక్కభజన బృందం ఉన్న ఊళ్లో వాళ్లనే అడగండి.

ఏడో అడుగు: బాణీ

నడక తేలాక బాణీకి పెద్దగా కష్టపడనక్కర్లేదు. జనంతో పాడించే పల్లవి అయిదారు స్వరాల మధ్యే తిరగాలి, పై షడ్జమం దాటకూడదు. ఆనందభైరవి, నాదనామక్రియ, పున్నాగవరాళి, మోహన లాంటివి మన చెవులకు జోలపాటల నుంచీ, భజనల నుంచీ అలవాటైనవే కాబట్టి వాటి ఛాయల్లో కడితే రెండోసారికే అందుకుంటారు. శ్రుతి పాడేవారి కోసం కాక పల్లవి అందుకునే జనం కోసం ఎంచుకోండి. ప్రధాన గాయకుడికి హాయిగా ఉన్న శ్రుతిలో ముందు వరుసలోని ఆడవాళ్లు పాడలేక ఆగిపోవడం తరచూ చూస్తాం.

సినిమా పాట బాణీ మీద మాటలు పెట్టి పాడడం ఊళ్లలో మామూలే, జనం వెంటనే అందుకుంటారు కూడా. నేను వద్దంటాను. ఆ బాణీకి హక్కుదారులు ఉంటారు, యూట్యూబులో పెట్టగానే ఆ పాట వారి ఖాతాలోకి పోవచ్చు; అంతకంటే ముఖ్యంగా, ఆ బాణీ మొదలవగానే వినేవారి కళ్ల ముందుకు హీరో వస్తాడు గాని లాంతరు పట్టుకున్న ఆమె రాదు.

ఎనిమిదో అడుగు: చెప్పినవారికి వినిపించడం

ఈ అడుగును ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. కార్యక్రమానికి రెండు మూడు రోజుల ముందు, వాద్యాలేమీ లేకుండా, వారి ఇంట్లోనే పాట పాడి వినిపించండి. ముందు మాటలు చదవండి, తర్వాత పాడండి. పాట వింటే బాణీ మోజులో మాటల్లోని తప్పును గమనించకపోవచ్చు. ‘బాగుందా?’ అని అడగవద్దు, బాగుందనే అంటారు. ‘ఇందులో జరగనిది ఏమన్నా ఉందా?’ అనీ, ‘ఇది విని ఎవరన్నా నొచ్చుకుంటారా?’ అనీ అడగండి. అప్పుడు కంప కాదు దుంగ అనో, అది మా మరిదికి తెలియకూడదు అనో వస్తుంది. వారు మార్చమన్నది మార్చాలి. మీకు ఎంతో ఇష్టమైన పాదాన్ని తీసేయమంటే ఒకసారి ఎందుకో వివరించండి, అప్పటికీ వద్దంటే తీసేయండి. కుటుంబంలో మిగతావారు విని తీరవలసిన చోట, ముఖ్యంగా చనిపోయినవారి ప్రసక్తి ఉన్న చోట, వాళ్లకూ ముందే వినిపించాలి. వేదిక ముందు మొదటిసారి విని కుమిలిపోవడం ఎవరికీ మంచిది కాదు.

తొమ్మిదో అడుగు: వేదిక, మైకు, సమయం

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడు స్పీకర్లు వాడకూడదు. పండుగ, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మీ కార్యక్రమం ఆ సడలింపులో ఉందో లేదో నిర్వాహకులు పోలీసు స్టేషన్‌లో మైకు అనుమతి తీసుకునేటప్పుడే తేల్చుకోవాలి. ఆచరణలో చెప్పాలంటే మీ పాటలు 8 గంటలకు మొదలై 9 గంటలకు ముగిసేలా ఉండాలి, ఎందుకంటే ఉపన్యాసాలు ఎలాగూ గంట ఆలస్యం చేస్తాయి. శాలువాల కార్యక్రమాన్ని పాటల తరువాతకు జరిపించగలిగితే సగం గెలిచినట్టే. ఒక్కొక్క శాలువాకు ఫొటో తీసే సమయంలో ఒక చరణం పాడవచ్చు.

సౌండు బాక్సులు గాయకుల కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి, లేకపోతే మైకు కూత పెడుతుంది. మాట స్పష్టంగా వినబడడమే ఇక్కడ ముఖ్యం కనుక, మిక్సరు దగ్గర కూర్చున్న అబ్బాయికి ‘ఎకో’ పూర్తిగా తీసేయమని చెప్పండి; మన ఊళ్లలో అది లేకుండా సెట్టు పెట్టడం నామోషీగా భావిస్తారు, అయినా పట్టుబట్టండి. డప్పుకు మైకు అక్కర్లేదు. డప్పు కళాకారులు తోలు బిగుసుకోవడానికి మంట దగ్గర కాచుకుంటారు కాబట్టి వేదిక వెనుక అందుకు సురక్షితమైన చోటు చూపాలి, వాన తడి ఉన్న రోజు అదనపు సమయం ఇవ్వాలి.

కథ చెప్పినవారిని వేదిక మధ్యలో కూర్చోబెట్టి అందరి చూపులూ వారి మీద పడేలా చేయడం కంటే, ముందు వరుసలో తమ వాళ్ల మధ్య కూర్చోనివ్వడం మంచిది. వారికి ఇష్టమైతే పాటకు ముందు రెండు నిమిషాలు తామే చెప్పవచ్చు, లేకపోతే మీరే చెప్పండి. తరువాత పల్లవిని ఒకసారి వాద్యాలు లేకుండా పాడి జనంతో అనిపించి, అప్పుడు తాళం ఎత్తుకోండి. పాట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. బరువైన కథ వెంటనే బరువైన కథ పెట్టకండి. ఊళ్లోకి మొదటి టీవీ వచ్చిన రోజు, పోయిన మేక దొరికిన రోజు లాంటి సరదా కథ ఒకటి మధ్యలో తప్పకుండా ఉండాలి.

ఒకే రోజులో చేయాల్సి వస్తే

కొన్ని సభలకు, ముఖ్యంగా దూర దేశాల తెలుగు సంఘాల సమావేశాలకు, ముందుగా వెళ్లడం కుదరదు. అప్పుడు ఉదయం ఒక గది మూలన కథలు విని, మధ్యాహ్నం కట్టి, సాయంత్రం పాడాలి. దీనికి ముందస్తు తయారీ ఉంటేనే సాధ్యం. మూడు, నాలుగు, అయిదు, ఏడు మాత్రల నడకల్లో ఒక్కొక్క ఖాళీ బాణీని సాధన చేసి వెంట తీసుకెళ్లండి. మాట ఏ నడకలో పడితే ఆ బాణీ తీసుకుంటారు. ఆ రోజుకు రెండే కథలు, ఒక్కొక్కటికి పల్లవి, ఒక్క చరణం చాలు. సమయం ఎంత తక్కువైనా, వేదిక ఎక్కే ముందు చెప్పినవారిని పక్కకు పిలిచి మాటలు చదివి వినిపించే పది నిమిషాలను మాత్రం కోసుకోకండి. వారు తటపటాయిస్తే ఆ పాటను ఆ రోజు పాడకుండా వారికే ఇచ్చి రండి.

పదో అడుగు: పాట తర్వాత

మర్నాడే పాటను కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి, రికార్డింగుతో పాటు కథ చెప్పినవారి ఇంటికి పంపండి. పెద్దవారికి పెన్‌డ్రైవ్ కంటే మనవడి ఫోన్‌లోకి ఎక్కించడమే ఉపయోగం. ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికీ, ఒకటి పాఠశాలకూ ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతికి తేదీ, ఊరు, ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఏయే వాద్యాలు వాడారు, ఏ అనుమతులు ఉన్నాయి అన్నది అదే ఫోల్డరులో రాసి పెట్టండి; వాట్సాప్ గ్రూపులో ఉన్నది దాచినట్టు కాదు.

హక్కుల విషయంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యానికి రాసినవారికీ, సంగీతానికి కట్టినవారికీ విడివిడిగా హక్కు ఉంటుంది. అది వారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. సౌండు రికార్డింగుకు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. పల్లవి ఆమె నోటి మాటతో కట్టినప్పుడు సాహిత్యం దగ్గర రచయిత పేరొక్కటే వేసుకోవడం న్యాయం కాదు. ‘మాట’ అని ఆమె పేరు ముందు, ‘కూర్పు’ అని మీ పేరు తర్వాత వేయండి, ఆమె పేరు వద్దంటే ‘ఊరి మాట’ అని వేయండి. పాటకు ఎప్పుడైనా డబ్బు వస్తే ఎలా పంచుకుంటారో ఆ అనుమతి కాగితంలోనే ఒక వాక్యం రాసి ఉంచండి.

అదే పాటను వేరే ఊళ్లో పాడాలంటే మళ్లీ అడగాలి. పక్క ఊరు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉండవచ్చు. అక్కడ ఆమె పుట్టిల్లు ఉందేమో, లేదా ఆ నీరటికీ పక్క ఊరి ఆయకట్టుకూ నీళ్ల దగ్గర పాత గొడవ ఉందేమో మనకు తెలియదు. ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల పని. వచ్చే ఏడాది అదే ఊరికి మళ్లీ పిలిస్తే పాత పాటతో మొదలుపెట్టి, ఈసారి పల్లవిని ఊరి పిల్లలతో పాడించండి, ఆ తర్వాతే కొత్త కథల కోసం అరుగుల మీదికి వెళ్లండి.